ఆగిన మోటారును చలివేంద్రపు నీరును

మోటారు బండ్లకు వచ్చు వ్యాధులలో ఒకటి మిక్కిలి చిత్రమైనది. బండిలో ఏ భాగమును విఱిగి యుండదు. ఏ తీగయు తెగి యుండదు. ట్యాంకులో పెట్రోలు నిండుగా నుండును. బ్యాటరీ బలముగా నుండును. ఐనను ఇంజను లేవదు. అరగంట గడచిన పిమ్మట, ఎవరును చేయి పెట్టకయే, మొదటి త్రిప్పునకే మేలుకొని, తానేమియు నెఱుగనట్లు నడచిపోవును. ఇంగ్లీషువారు దీనిని వేపర్ లాక్ అందురు. మేమీ వ్యాసములో ఆవిరిబంధమని వ్యవహరించెదము. నేటి క్రొత్త కారులలో ఇది అరుదు. పెండ్లిండ్లకును తిరునాళ్ళకును బాడుగకు తిరుగు పాత అంబాసిడరులలోను, అభిమానముచేత కొందఱు కాపాడుకొనుచున్న పాత ఫియట్లలోను, ఇప్పటికిని వేసవి వచ్చినదనగా ఇది తల యెత్తుచుండును.

బడిపంతులకు మోటారు మరమ్మతుతో నేమి పని యని చదువరులు అడుగవచ్చును. మరమ్మతు సంగతి మెకానిక్కులు చూచుకొందురు. బండి ఆగిన ఆ అరగంటలో మనుష్యులు ఒకరి యెడ నొకరు ఎట్లు ప్రవర్తింతురను సంగతి మాత్రము ధర్మవిచారమునకు లోబడినది. కర్నూలు, కడప సీమలలో ఈ విచారము తుదకు నీటి దగ్గఱకు పోవును. నీటి దగ్గఱకు పోయిన విచారమేదియు మా సీమలో చిన్నది కాదు.

ముందుగా వ్యాధి లక్షణమును కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. తరువాతి తర్కమంతయు దానిమీదనే నిలుచును. పెట్రోలు నీటివలె ఒకే పదార్థము కాదు. అది అనేకములైన తైలముల మిశ్రమము. నీరు నూఱు డిగ్రీలయొద్ద మఱుగునని చెప్పినట్లు పెట్రోలునకు ఒక్క సంఖ్య చెప్పుటకు వీలులేదు. అందలి తేలిక భాగములు సుమారు 35 డిగ్రీలకే ఆవిరియగుట కారంభించును. బరువు భాగములు 200 డిగ్రీల వఱకును నిలుచును. పాత కారులో పెట్రోలు ట్యాంకు వెనుక నుండును, ఇంజను ముందుండును. నడుమ సన్నని గొట్టము. పెట్రోలును లాగు పంపు ఇంజను ప్రక్కనే బిగింపబడి యుండును. దానిలో నొక పలుచని పొర పైకి క్రిందికి కదలుచు పెట్రోలును పీల్చి కార్బురేటరునకు పంపును. పీల్చునప్పుడు గొట్టములో ఒత్తిడి తగ్గును. ఒత్తిడి తగ్గినచో ద్రవము తక్కువ వేడికే మఱుగును. ప్రెషరు కుక్కరులో ఒత్తిడి హెచ్చి నీరు ఆలస్యముగా మఱుగుట మన గృహిణులందఱు ఎఱిగినదే. ఇది దానికి సరిగా విపర్యయము. ఇట్లు గొట్టములోనే పెట్రోలు ఆవిరి యగును. ఆవిరి అణగునది. పంపు దానిని నొక్కును, అది అణగును. పంపు విడుచును, అది ఉబ్బును. ఒక్క బొట్టైనను ముందునకు పోదు. పంపు పనిచేయుచునే యుండును. పని మాత్రము జరుగదు.

ఇందు మఱియొక విశేషము కలదు. బండి నడచుచున్నంతసేపు గాలి వీచుచుండును, నీరు తిరుగుచుండును, ఇనుములోని వేడి ఎప్పటికప్పుడు బయటికి పోవుచుండును. బండి ఆపినతోడనే గాలియు నిలుచును, నీరును నిలుచును. ఇనుములోని వేడి మాత్రము నిలువదు, ప్రక్కనున్న పంపునకును గొట్టమునకును ప్రాకును. కావున ఆపిన తరువాత కొంతసేపు బానెట్టు క్రింద వేడి తగ్గుటకు బదులు హెచ్చును. ఘాటు ఎక్కునంతసేపు నడచిన బండి, యజమానుడు దిగి కాఫీ త్రాగి వచ్చునప్పటికి మొండికెత్తుటకు కారణమిదియే.

ఈ దోషము మోటారు పుట్టుకతో వచ్చినది కాదు. 1908 మొదలు 1927 వఱకు అమెరికాలో తయారైన ఫోర్డు టి-మోడలు కారునకు పంపే లేదు. ట్యాంకు సీటు క్రింద నుండెను. పెట్రోలు తన బరువుచేతనే ఇంజనులోనికి జాఱుచుండెను. దానికి వేఱొక కష్టము: నిటారైన కొండ యెక్కునప్పుడు ముందుభాగము ఎత్తుగా నగుటచే పెట్రోలు దిగదు, అందుచే బండిని వెనుకకు త్రిప్పి, వెనుకగేరులో కొండ నెక్కించుచుండిరి. నేటి కారులలో పంపును ట్యాంకులోనే ముంచి, పీల్చుటకు బదులు ఒత్తిడితో నెట్టుచున్నారు. ఈ రెండు కాలములకు నడుమ పుట్టిన బండ్లకే ఆవిరిబంధము బాగుగా తెలియును. ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డు నుండి మన ఉత్తరపారలో 1957 మొదలు 2014 వఱకు తయారైన అంబాసిడరును, ఇటలీవారి ఫియట్ 1100 నుండి బొంబాయిలో తయారైన ప్రీమియర్ పద్మినియు అట్టివి. చల్లని దేశముల బండ్లు మన యెండకు వచ్చి, మనవియే యైపోయి, వేసవి వచ్చినప్పుడు మాత్రము పుట్టినింటిని తలచుకొనుచుండును.

ఆ యెండ యెట్టిదో చెప్పవలసిన పనిలేదు. ఏప్రిలు, మే నెలలలో కర్నూలు, నంద్యాల, కడపలలో 42, 43 డిగ్రీలు సాధారణము. అంతకు మించిన దినములును కలవు. అది నీడలోని లెక్క. నాపరాతి నేలమీద, తారు రోడ్డుమీద, బానెట్టు క్రింద నుండు లెక్క వేఱు. కడపనుండి రాయచోటికి పోవు త్రోవలో గువ్వలచెరువు ఘాటు కలదు. బరువుతో నిండిన బండి తక్కువ గేరులో, తక్కువ గాలితో, మెల్లగా వంకరలు తిరిగి పైకి పోవలెను. అక్కడ పాలకోవా ప్రసిద్ధము. ఆ త్రోవను పోవు నెవరును కోవా కొనక పోరు. అనగా ఇంజను మిక్కిలి వేడెక్కిన చోటనే దానిని ఆపుట ఆచారమైనది. ఆవిరిబంధమును పరీక్షించుటకు శాస్త్రజ్ఞులు ప్రత్యేకముగా నొక చోటు నిర్మింపగోరినను ఇంతకంటె మంచి చోటు దొరకదు.

ఇక విచారము. బండి ఆగినది, ఏదియు చెడలేదు. అట్లయిన తప్పెవరిది?

మన ప్రాచీనులు ఈ చిక్కును మోటారు లేకయే చర్చించిరి. నిప్పు కాల్చును. కాని ఒకానొక మణి దగ్గఱ నున్నచో అదే నిప్పు కాల్చదని వారు దృష్టాంతముగా గ్రహించిరి. మణిని తొలగించినచో మఱల కాల్చును. నిప్పు అదే, కట్టె అదే, కాల్చకపోవుటకు కారణమేమి? మీమాంసకులు, నిప్పులో కాల్చు శక్తి యను నొక ప్రత్యేక పదార్థము కలదనియు, మణి దానిని నశింపజేసినదనియు చెప్పిరి. నైయాయికులు ఒప్పుకొనలేదు. శక్తి నశించుటయు మఱల పుట్టుటయు కల్పించుట గౌరవమని, అనగా అనవసరపు బరువని, వారు ఆక్షేపించిరి. నిప్పు నిప్పుగానే యున్నది. అడ్డు వచ్చినది గనుక పని జరుగలేదు. ప్రతిబంధకము లేకపోవుటయు కార్యమునకు నొక కారణమే యని వారి సిద్ధాంతము. న్యాయసిద్ధాంతముక్తావళి చదివిన విద్యార్థులందఱు ఈ మణిని ఎఱుగుదురు. చదువుకొను దినములలో మాకు ఈ చర్చ తలనొప్పిగా నుండెను. పాత కారు బానెట్టు ఎత్తి చూచినప్పుడు అది ఎంత లోకానుభవమునకు దగ్గఱగా నున్నదో తెలిసినది.

ఎందుకనగా, బండి ఆగినప్పుడు యజమానులలో పదింట తొమ్మండుగురు మీమాంసకులే యగుదురు. బండిలో సత్తువ పోయినదందురు; డ్రైవరునకు పని రాదందురు. అడ్డు వచ్చినదన్న తలంపు వారికి తోచదు. అడ్డును తొలగించుటకు అరగంట చాలును; శక్తి పోయినదన్నచో మాత్రము దాని స్థానమున మఱియొకటి కొనవలెను, లేదా ఒకనిని పనినుండి తీసివేయవలెను. తీర్పులలో ఏది తొందరగా నోటికి వచ్చునో అది సామాన్యముగా ఖర్చు గల తీర్పే. మా వృత్తిలోను ఈ వ్యాధి లేకపోలేదు. వేసవిలో ఒంటిపూట బడి ముగియు వేళకు, రేకుల కప్పు క్రింద, నల్లబల్లయొద్ద నోరు మెదపని పిల్లవానిని చూచి, వీనికి లెక్కలు రావని వ్రాసిపెట్టు ఉపాధ్యాయుడు ఉదయము ఎనిమిది గంటలకు వానినే మఱల నడిగి చూచినచో ఆ వ్రాత నిలుచునా యన్నది సందేహమే. అది వేఱొక వ్యాసమునకు తగిన సంగతి.

మనుష్యుడు ఆగిపోయిన పనికి ఒక దోషిని వెదకక ఊరకుండలేడు. పారసీక చక్రవర్తి జెర్‌క్సీస్ తన వంతెనను తుపాను తెంచివేసినదని సముద్రమునకు మూడువందల కొరడాదెబ్బలు కొట్టించెనని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటసు వ్రాసెను. ఇంగ్లండులో 1846 వఱకు, మనుష్యుని ప్రాణము తీసిన వస్తువును, అది బండియైనను ఎద్దైనను, దోషిగా నెంచి దానినిగాని దాని వెలనుగాని రాజునకు జప్తు చేయు చట్టముండెను. రైలుబండ్లు వచ్చి, ఇంజనునే జప్తు చేయవలసిన గతి యేర్పడుటతో ఆ చట్టము రద్దయినది. నేటివారికి యంత్రమును శిక్షించుట హాస్యాస్పదమని తెలియును. అందుచే వారు యంత్రమునకు దగ్గఱగా నున్న మనుష్యుని శిక్షింతురు. స్టీరింగు పట్టినవాడు కొరడాదెబ్బలు తినుటకు సముద్రము కంటె అనువుగా నుండును.

కాని ప్రతిబంధకమన్న మాటతో అందఱిని నిర్దోషులను చేయుటయు మాకు సమ్మతము కాదు. ఎండ ఎవ్వరి సొత్తును కాదు, నిజమే. కాని ఆ యెండలో బయలుదేరుట యొకరి నిర్ణయము. పూర్వము మా సీమలో ఎద్దుబండ్లవారు వేసవిలో రాత్రులు ప్రయాణము చేసి, పగలు చెట్లనీడన బండ్లు విప్పుచుండిరి. ఎద్దునకు నోరు లేకున్నను దాని బాధ వారికి తెలిసెను. డ్రైవరునకు నోరున్నది, తెల్లవాఱుజామున పోవుదమని అతడు చెప్పును, కాని ప్రయాణపు వేళను నిర్ణయించువాడు అతడు కాడు. వేళను నిర్ణయించినవాడు వెనుకసీటున కూర్చుండును, ఆగినందుకు తిట్టు తినువాడు ముందుసీటున కూర్చుండును. ఆవిరిబంధములో దోషమేదైన నున్నచో అది ఈ రెండు సీట్ల నడుమ నున్నది.

ఇంతవఱకు వచ్చినది మాటల కష్టము మాత్రమే. అసలు చిక్కు నీటితో వచ్చును. ఆవిరిబంధమునకు తక్షణ చికిత్స చల్లదనము. గుడ్డను నీటితో తడిపి పంపు చుట్టును గొట్టము చుట్టును కప్పినచో ఆవిరి మఱల ద్రవమగును. ఐదుపది నిమిషములలో బండి లేచును. ఎఱ్ఱగా కాలిన ఇనుముమీద కుండెడు నీరు ఒక్కసారి గ్రుమ్మరించుట అపాయము. పోత ఇనుము బీటలు వాఱవచ్చును. తెలిసిన డ్రైవరు తడిగుడ్డతోనే పని చేయును. ఏ నీరు? రోడ్డు ప్రక్కన ఎవరివద్ద నుండును?

కొన్ని యేండ్ల క్రిందట మే నెలలో, గువ్వలచెరువు పైని, మేము బస్సు కొఱకు నిలిచియుండగా, పెండ్లివారి బాడుగ అంబాసిడరు ఒకటి ఇట్లే ఆగినది. బండి తీసికొన్నవాడు పడుచువాడు. డ్రైవరు తండ్రి యీడువాడు. “నీకు బండి తోలేది వచ్చునా, రాదా?” యని పడుచువాడు పదిమంది వినునట్లు అడిగెను. “ఒక అరగంట నిలబెడితే అదే లేస్తాది సార్” అని డ్రైవరు మెల్లగా చెప్పెను. పడుచువాడు వినక, కూడవచ్చిన కుఱ్ఱవానిని నీటికై పంపెను. చింతచెట్టు క్రింద నొక చలివేంద్రముండెను. మూడు కుండలు, తడిగోనె, వాటిని కనిపెట్టుకొని యొక అవ్వ. కుఱ్ఱవాడు కుండమీది మూత తీయబోగా ఆమె, “తాగేదానికా నాయనా, బండికి పోసేదానికా?” యని అడిగెను. “బండికవ్వా” అని వాడు సిగ్గుపడుచు చెప్పెను. “అట్లయితే యీ కుండ ముట్టొద్దు. ఆ తొట్లోవి ముంచుకో పో, గొడ్లు యింకా రాలేదు” అనెను.

ఆమె లేదనలేదు. తిట్టలేదు. ఒక ప్రశ్న వేసినది. జవాబును బట్టి నీటిని చూపినది. ఆ ప్రశ్నను మేము చాలకాలము మనస్సులో త్రిప్పుకొంటిమి.

మన దేశములో నీటియొద్ద ప్రశ్న లేకపోలేదు. శతాబ్దముల తరబడి ప్రశ్న యున్నది. ఐతే అది వేఱు ప్రశ్న. “నీవెవరవు?” అన్నదే ఆ ప్రశ్న. ఆ ప్రశ్నకు జవాబు చెప్పి, దోసిలి యొగ్గి, ఎత్తునుండి పోసిన నీరు త్రాగినవారును, త్రాగనీయక పంపివేయబడినవారును లెక్కకు మిక్కిలి. 1927 మార్చి 20వ తేదీన మహాడులోని చౌదారు చెఱువుయొద్ద డాక్టరు అంబేద్కరుగారు వేలమందితో పోయి దోసెడు నీరు త్రాగవలసి వచ్చినది ఆ ప్రశ్నను తుడిచివేయుటకే. అవ్వ అడిగినది అది కాదు. ఎవరవని అడుగలేదు, ఎందుకని అడిగినది. మొదటి ప్రశ్న మనుష్యుని కొలుచును. రెండవది అవసరమును కొలుచును. నీరు కొఱతగానున్న చోట రెండవ ప్రశ్న లేకున్నచో బలముగలవాడు ముందుగా ముంచుకొని పోవును.

చలివేంద్రము సంస్కృతములో ప్రప యనబడును. నూతులు, చెఱువులు, తోటలు, ప్రపలు పూర్తధర్మములని పెద్దలు చెప్పిరి. చచ్చినవారి పేరిట కొందఱు, ఊరి పేరిట కొందఱు, నేడు ఎన్నికల పేరిట కొందఱు వీనిని పెట్టుచున్నారు. కొన్నిచోట్ల కుండల కంటె దాత బొమ్మగల గుడ్డయే పెద్దదిగా నున్నది. ఐనను అందలి నీరు చల్లనిదే, త్రాగినవాని దప్పి తీరుచున్నది, కావున మేము దానిని ఆక్షేపింపము. ఇందు గమనింపదగినది దాత సంకల్పము. ఈ నీరు దప్పిగొన్నవాని కొఱకు పెట్టబడినది. దప్పిలేనివాడు దానిని మఱియొక పనికి వాడుకొన్నచో, అడుగకున్న దొంగతనమగును. అడిగినచో కుండయొద్ద కూర్చున్నవారిని చిక్కున పెట్టుటయగును. కుండయొద్దివారు సామాన్యముగా బీదవారు. కారులో వచ్చినవానికి లేదనుట వారికి కష్టము. అవ్వకు తొట్టి దారి చూపు తెలివి యుండెను. అందఱికి అది యుండవలెనని కోరుట న్యాయము కాదు.

తడిగుడ్డకు కావలసినది చెంబెడు నీరే కదా, ఇంత విచారమేల యని కొందఱందురు. చెంబెడే, నిజమే. ఐతే ఆ చెంబెడు నీరు ఏమి కొనుచున్నదో చూడుడు. బండి అరగంటకు తనంతట తానే లేచును. నీరు పోసిన పదినిమిషములకు లేచును. అనగా నీరు బండిని బాగుచేయలేదు. ఇరువది నిమిషములను కొనిపెట్టినది. ఆ ఇరువది నిమిషములు వెనుకసీటువానివి. వానికి వెల ఇచ్చినది ఎవరు? తెల్లవాఱి ట్యాంకరు వచ్చు వఱకు బిందెలతో నిలిచి, మోసి, కుండ నింపినవారు. కె.సి. కాలువ పాఱు ఊళ్ళ సంగతి వేఱు. తుంగభద్రను సుంకేసులయొద్ద కట్టి, 1860 ప్రాంతములలో ఒక కంపెనీవారు లాభమునకై త్రవ్వి, నష్టపడి, 1882లో ప్రభుత్వమునకు అమ్మిన ఆ కాలువ క్రింద వరి పండుచున్నది. ఎగువ మెట్ట యూళ్ళలో వేసవి నీటి లెక్క బిందెలతోనే సాగును. అచ్చట చెంబు చిన్నదనుట చెంబును మోయనివారు చెప్పు మాట.

తన కాలమును మిగుల్చుకొనుటకు మఱియొకరి శ్రమను వెచ్చించుట లోకములో నిత్యము జరుగుచున్నది. డబ్బిచ్చి జరుపుచున్నారు, దానికి బేరము కలదు. చలివేంద్రమున బేరము లేదు. అది దానము. దానముగా వచ్చినదానిని తొందరకు వెచ్చించుటలోనే మాకు అధర్మము కనుపించుచున్నది. ఓర్పును మనవారు ముక్తికి సాధనముగా, ఆత్మగుణముగా పొగడుచుందురు. తన మేలుకొఱకే యైనచో ఓర్చుకొన్నను మానినను అది వాని యిష్టము. ఓర్చుకొననందువలన తగులు ఖర్చు ఎదుటివానిమీద పడునప్పుడు ఓర్పు బాకీ యగును.

దీనికి ఎదురు చెప్పవలసిన సందర్భములు లేకపోలేదు. కారులో నొప్పులు పడుచున్న స్త్రీ యున్నదనుకొనుడు. పాము కఱచిన బిడ్డ యున్నదనుకొనుడు. అప్పుడు ఇరువది నిమిషములే ప్రాణము. ఆ నీరు ఇంజనుమీద పోసినను దప్పికే పోసినట్లు. అవ్వయే తన చేతులతో కుండ ఎత్తి యిచ్చునని మాకు నమ్మకము. ఆమె ప్రశ్న ఎందుకని గదా. కావున మనుష్యులకు నీరు, యంత్రములకు లేదు అను మోటు నియమము మాకు పనికిరాదు. యంత్రములో నున్న మనుష్యుని అవసరమును చూడవలెను. చిక్కేమనగా ప్రతివాడును తన పని ప్రాణముతో సమానమనియే తలంచును. పెండ్లి ముహూర్తము దాటిపోవుననునది ఆ పడుచువాని వాదము. ముహూర్తమునకు కావలసినవారు అందఱును అంతకు ముందే చేరియుండిరనియు, ఈ బండిలో వచ్చుచున్నది వంటపాత్రలనియు డ్రైవరు మాతో తరువాత చెప్పెను.

మఱియొక ఎదురు వాదము ఇంతకంటె గట్టిది. బాడుగ బండి డ్రైవరునకు కాలమే కూడు. ఒక ప్రయాణము ఆలస్యమైనచో రెండవది పోవును. అతనికి ఓర్పును బోధించుట జీతము నెలనెల తీసికొను పంతులకు సులభము. ఈ ఆక్షేపణను మేము ఒప్పుకొందుము. మేము చూచినంతలో నీరు కావలెనన్నది డ్రైవరు కాడు, ఆగుదమన్నది డ్రైవరే. ఆగుట నష్టమని ఎఱిగియు, బండి గుణము తెలిసినవాడు గనుక ఆగుదమనెను. ఆ నష్టమును బండి తీసికొన్నవాడు బాడుగలో కలిపి యిచ్చుట న్యాయము. ఆగినంతసేపటికిని బాడుగ లెక్క కట్టు పద్ధతి టాక్సీలలో ఉన్నదే.

ఇప్పుడీ సమస్య తీఱిపోవుచున్నదని, పాత బండ్లతోనే పోవునని కొందఱు చెప్పవచ్చును. బండ్లు తగ్గుచున్నవి, నిజమే. కాని ఉన్నవానికి కష్టము హెచ్చినది. పెట్రోలులో ఎథనాలు కలుపుట మన దేశములో క్రమముగా పెరిగి 2025 నాటికి 20 శాతమునకు వచ్చినది. పెట్రోలునకు ఎథనాలు చేరినచో ఆవిరి యగు గుణము కొంత హెచ్చును. పాత రబ్బరు గొట్టములను, పంపులోని పొరలను అది మెత్తబఱచుటయు కలదు. పెట్రోలు ప్రమాణములలో ఆవిరిబంధమునకు సూచిక యొకటి యుండి, వేసవికి దాని పరిమితిని తక్కువగా నియమించినారు. అది కొంత మేలు. అన్నిటికంటె మా మనస్సున నాటినది వేఱొకటి. ఆ ఎథనాలు చెఱకునుండి, బియ్యమునుండి, మొక్కజొన్ననుండి వచ్చుచున్నది. వీనిలో మొదటి రెండును నీటిని విశేషముగా త్రాగు పైరులు. అనగా బండి ట్యాంకులో పోసినదానిలోనే ఎక్కడిదో పొలపు నీరు కలదు. దానిని పోయునప్పుడు ఎవరును “తాగేదానికా, బండికా” యని అడుగలేదు. అడుగవలసినదా కాదా యన్నది పెద్ద ప్రశ్న. దేశము విదేశీ చమురునకు పెట్టు ఖర్చును, రైతునకు వచ్చు ధరను త్రాసున వేయక దానికి జవాబు చెప్పరాదు. కాని జవాబు తెలియనంతమాత్రాన ప్రశ్న లేదనుకొనుట తగదు.

పాత బండ్లను ప్రేమించువారికి చేయదగిన పనులు చాల కలవు. పంపునకును పొగగొట్టమునకును నడుమ రేకు అడ్డము పెట్టవచ్చును. గొట్టమునకు వేడి తగులకుండ చుట్టు చుట్టవచ్చును. ట్యాంకు దగ్గఱ చిన్న విద్యుత్తు పంపు బిగించి, పీల్చుటను నెట్టుటగా మార్చవచ్చును. ఆపినప్పుడు గాలికి ఎదురుగా నిలిపి బానెట్టు ఎత్తవచ్చును. వీనిలో చాలవఱకు ఖర్చు స్వల్పము. వేసవిలో మధ్యాహ్నము బయలుదేరకుండుటకు ఖర్చే లేదు.

మఱియొకటి మఱచితిమి. పూర్వము కారులవారును బస్సులవారును బండి ముందు కాన్వాసు నీటిసంచి వ్రేలాడదీసికొని పోవుచుండిరి. గుడ్డ చెమ్మగిలి గాలికి ఆఱుచు లోని నీటిని చల్లగా నుంచుచుండెను. దప్పికైనను ఇంజనుకైనను వారి నీరు వారి వెంట నుండెను. ప్లాస్టికు సీసాలు వచ్చి ఆ సంచులు మాయమైనవి; సీసాలోని నీరు ఘాటు ఎక్కులోపలనే త్రాగివేయుదురు, ఇంజనునకు మిగులదు. ఐదు లీటర్ల డబ్బా యొకటి డిక్కీలో వేసికొనుటకు ఎంత చోటు కావలెను? కడపలోనో నంద్యాలలోనో కుళాయియొద్ద నింపుకొని బయలుదేరినవాడు ఘాటుపైని ఎవరి కుండ మూతయు తీయవలసిన పనిలేదు. బండి ఆగకపోయినచో, ఆ నీటిని దారిలోని ఏదో యొక తొట్టిలో పోసి పోవచ్చును. దానికి ఎవరి అనుమతియు అక్కఱలేదు.